హార్డ్ డిస్క్ టిక్ టిక్ అంటోంది, చెల్లి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే!

గోదారిగట్టు:
1 టీబీ పోర్టబుల్ డ్రైవ్. బల్ల మీంచి కింద పడింది. పెడితే లైటు వెలుగుతుంది, టిక్ టిక్‌మని కాసేపటికి ఆగిపోతుంది. కంప్యూటర్లో కనపడదు. పెళ్లి ఫొటోలు, వీడియో, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే. ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ మంచిది? ఇకమీదట బ్యాకప్‌కి ఏం కొనాలి?

పార్క్‌లేన్ పాతకాపు:
ముందుగాల వైరు పీకెయ్ తమ్మీ. పడ్డంక టిక్ టిక్ అంటుందంటే హెడ్ (డేటా చదివే సూది) దెబ్బతిన్నట్టే. మల్ల మల్ల పెట్టి చూస్తే ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) మీద గీతలు పడ్తయ్, ఇగ ఎవ్వనితోని కాదు. డ్రైవే కనపడకపాయె, సాఫ్ట్‌వేర్ దేన్ని చదువుతది?

కెమెరా కన్ను:
ఫొటోగ్రాఫర్‌ని అడిగారా? మాలాంటి వాళ్లం ఆల్బమ్ ఇచ్చాక కొన్నాళ్లు ఉంచుతాం, తర్వాత చోటు చాలక తీసేస్తాం. "రెండు డిస్కులు తెచ్చుకోండి, రెండిట్లో వేసిస్తా" అంటే మూతి ముడుస్తారు. భోజనాల్లో ఇంకో స్వీటు పెంచడానికి మాత్రం డబ్బులుంటాయి.

చల్లగాలి:
జిప్ కవర్లో పెట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్లో ఉంచండి. మా బావమరిది డిస్కు అలాగే లేచింది.

సర్వర్ సుబ్బడు:
దయచేసి ఆ పని చేయకండి. ఇరవయ్యేళ్లుగా స్టోరేజ్‌లోనే ఉన్నాను. హెడ్‌కీ ప్లాటర్‌కీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. ఫ్రీజర్లోంచి తీయగానే తేమ పడుతుంది, ఆ చెమ్మ మీద హెడ్ నడిస్తే అంతే సంగతులు. ఎప్పుడో పాతకాలం డిస్కులకు కుదిరిన చిట్కా అది.

చల్లగాలి:
లేచిందని చెబుతుంటే వినరే? కళ్లారా చూశాను. మీ సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంచుకోండి.

సర్వర్ సుబ్బడు:
మీ బావమరిది డిస్కుకి కరెంటు చాలలేదేమో. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. హబ్బుకో, కేబినెట్ ముందు పోర్టుకో పెడితే కొన్ని డిస్కులు తిరగలేక టిక్కుమంటాయి. మర్నాడు వేరే పోర్టుకి పెట్టుంటారు, పేరు ఫ్రిజ్‌కి వచ్చింది.

చల్లగాలి:
మా ఇంట్లో ఏ పోర్టుకి పెట్టామో కూడా మీకే తెలుసన్నమాట. దండం సామీ.

పార్క్‌లేన్ పాతకాపు:
కేబుల్ మార్చి చూసుడు మంచిదే గనీ, పడని డిస్కుకు. ఇది పడ్డది. ఫ్రిజ్ పంచాయితీ ఆపుండ్రి.

హైటెక్ హనుమంతు:
అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొని దాని సర్క్యూట్ బోర్డు దీనికి మార్చేస్తే సరి. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి.

సర్వర్ సుబ్బడు:
పడితే పాడయ్యేది లోపలి హెడ్లు, బోర్డు మారిస్తే ఏమొస్తుంది? పైగా బోర్డు మీది రోమ్ (ROM) చిప్‌లో ఆ డిస్కుకే సంబంధించిన లెక్కలుంటాయి, దాన్ని ఊడదీసి కొత్త బోర్డుకి అతకాలి. మై పాస్‌పోర్ట్ లాంటి పోర్టబుల్ డ్రైవుల్లో చాలావాటికి యూఎస్‌బీ సాకెట్ బోర్డుకే అతికి ఉంటుంది, డేటాకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కూడా అక్కడే.
ఇంకా కనపడుతున్న డిస్కైతే దారి వేరు. విండోస్‌లోని చెక్‌డిస్క్ జోలికి పోకండి, అది సరిచేస్తున్నానంటూ ఉన్నది చెరుపుతుంది. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో, ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ పెట్టి, వేరే డిస్కు మీదకి క్లోన్ (అచ్చు నకలు) తీయండి, మధ్యలో ఆగినా వదిలిన చోటి నుంచి సాగుతుంది. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్లు ఆ క్లోన్ మీద నడపండి.

మండపేట మామయ్య:
పొలం కాగితాలకి బెంగ పడకు బాబూ. అడంగల్, 1బీ మీభూమి వెబ్‌సైట్లో వస్తాయి. ఒరిజినల్ దస్తావేజులు నాన్నగారి బీరువాలో ఉంటాయిగా?

డల్లాస్ నుంచి:
ఈ కాలంలో డిస్కులేంటండీ, క్లౌడ్‌లో పడేయండి.

మండపేట మామయ్య:
మా ఊరి నెట్‌తోనా! 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా వచ్చినా 1 టీబీ ఎక్కడానికి నాలుగున్నర రోజులు పైనే పడుతుంది. అంత వేగం ఎవడిస్తున్నాడు?

కెమెరా కన్ను:
గూగుల్ ఫొటోస్‌లో ఊరికే ఎంతైనా పెట్టుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు ఉచితం 15 జీబీ, అందులోనే జీమెయిలూ. ఇంకోటి, ఫోన్లో డిలీట్ కొడితే క్లౌడ్‌లోనూ పోతుంది, ట్రాష్‌లో అరవై రోజులే ఆగుతుంది. ఇలా రెండు చోట్లా ఒకేలా ఉంచే సింక్‌ని బ్యాకప్ అనుకుని మా దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్లు ఎంతమందో.

సర్వర్ సుబ్బడు:
బ్యాకప్‌కి 3-2-1 లెక్క అందరికీ తెలిసిందే: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్ మీద, ఒకటి వేరే చోట. మన వాళ్లు రెండు డిస్కులూ కొని ఒకే బ్యాగులో పెట్టుకు తిరుగుతారు.

హైటెక్ హనుమంతు:
తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ కొంటే పడినా ఏం కాదు కదా?

సర్వర్ సుబ్బడు:
దెబ్బకి ఆగుతుంది. కానీ ట్రిమ్ (డిలీట్ చేసిన చోటుని ఖాళీ చేయించే ఏర్పాటు) పని చేసిందంటే డిలీట్ అయినవి తిరిగి రావు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడానికీ పనికిరాదు.

లక్ష్మీటీచర్:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంది, రీలు మీద తెల్లగా బూజు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించొచ్చా?

కెమెరా కన్ను:
అలాగే వీసీఆర్‌లో పెట్టకండి టీచర్‌గారూ, బూజు హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. ముందు రీలు శుభ్రం చేయించాలి.

గోదారిగట్టు:
వైరు పీకేశాను. ఫొటోగ్రాఫర్ దగ్గర ఎంచిన ఫొటోలు మాత్రం ఉన్నాయట, వీడియో లేదట. ల్యాబ్‌కి ఇస్తే ఏమేం అడగాలి?

పార్క్‌లేన్ పాతకాపు:
డేటా రాకుంటే పైసలు తీసుకుంటరా లేదా, ముందుగాల అది కాగితం మీద రాపియ్యి. దుమ్ము లేని క్లీన్ చాంబర్ల ఇప్పుతరా, బల్ల మీదనా? హెడ్లు మార్చాలంటే డోనర్ డిస్కు (హెడ్లు తీసుకునేతందుకు అసొంటిదే ఇంకోటి) కావాలె, దాని పైసలు వేరే అంటరు. డిస్కు మీది లేబుల్ ఫొటో తీసి పెట్టు తమ్మీ, మోడల్ ఒక్కటి చాలదు, తయారైన తేదీ, దేశం కూడ కనపడాలె.