హైడ్రోజన్ డ్రోన్: 6.8 లీటర్ల సిలిండర్‌తో గంటన్నర వస్తుందా?

వంశధార_డ్రోన్ (టెక్కలి):
భావనపాడు, కళింగపట్నం వైపు తీరం కోత సర్వేకి 12 కిలోల హెక్సాకాప్టర్ (ఆరు ఫ్యాన్ల డ్రోన్) కడుతున్నాం. లైపో బ్యాటరీతో 25 నిమిషాలకే దింపాల్సి వస్తోంది. 2 కిలోవాట్ల ఎయిర్ కూల్డ్ ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి కరెంట్ తీసేది), 6.8 లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్ పెడితే, బరువు పెరగకపోతే, గంటన్నర ఎగురుతుందా? గ్యాస్ విశాఖ నుంచి తెప్పించుకోవాలి.

నాగావళి_ఏరో:
రాదండీ. 300 బార్ ప్రెషర్ దగ్గర లీటరుకి హైడ్రోజన్ 20 గ్రాములు పైచిలుకు, మొత్తం 140. అడుగున మిగిలేది పోను 130 వాడుకోవచ్చు. గ్రాములో 33 వాట్ అవర్లున్నా సెల్ నష్టాలు, ఫ్యాన్లు, పర్జ్ (మధ్యమధ్యలో గ్యాస్ బయటికి వదలడం) పోగా 15 మిగులుతాయి. 12 కిలోలు గాల్లో నిలబడాలంటే 1,900 వాట్లు కావాలి. అంటే గంట. అదీ 300 బార్ నిండితేనే. మామూలు ఇండస్ట్రియల్ సిలిండర్‌లో ఉండేది 150 బార్. ప్రెషర్ పెంచే బూస్టర్ పంపు లేకుండా దాన్నుంచి నేరుగా ఎక్కిస్తే 130 బార్ దగ్గర ఆగిపోతుంది, అరగంట కూడా రాదు.

రెక్కల విమానానికి మారండి మాస్టారూ. అదే 12 కిలోలు, క్రూజ్‌లో 300 వాట్లు చాలు. బూస్టర్ లేని ఆ 60 గ్రాములతోనే మూడు గంటలు! అమెరికా నౌకాదళ పరిశోధన సంస్థ వారి రెక్కల డ్రోన్ అయాన్ టైగర్ 2009లో 26 గంటలు ఎగిరింది 550 వాట్ల ఫ్యూయల్ సెల్‌తోనే. సిలిండర్‌కి పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉందో లేదో కొనే ముందే చూసుకోండి. కనుచూపు దాటి ఎగరడానికి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి వేరే.

చంపావతి_పవర్ (విజయనగరం):
రెక్కల విమానానికి 500 వాట్ల స్టాక్ (ఒకదానిపై ఒకటి పేర్చిన ఫ్యూయల్ సెల్స్) తీసుకుంటే టేకాఫ్, క్లైంబ్‌కి 6ఎస్ (ఆరు సెల్స్ వరస) 5,000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ తోడుండాలి. లోడు ఒక్కసారిగా పెరిగితే గ్యాస్ అందని సెల్ వోల్టేజీ తిరగబడి, ఎలక్ట్రోడ్‌లోని కార్బన్ తినేస్తుంది. ఒక్క సెల్ పోయినా స్టాక్ పోయినట్టే. అందుకే స్టాక్‌కీ మోటార్లకీ మధ్యలో కరెంట్ పరిమితి ఉన్న డీసీ డీసీ కన్వర్టర్ పెట్టండి. పర్జ్ వాల్వ్ తెరుచుకోకపోతే నీరు, నైట్రోజన్ చేరి వోల్టేజీ మెల్లగా జారుతుంది, బ్యాటరీ దాన్ని కప్పేస్తుంది. స్టాక్ వోల్టేజీ విడిగా లాగ్ చేయండి.

మీ అసలు శత్రువు ఉప్పుగాలి. ఉప్పులోని సోడియం, సెల్ మధ్యనుండే పల్చని పొర మెంబ్రేన్‌లో దూరి ప్రోటాన్ల చోటు ఆక్రమిస్తుంది. ఫిల్టర్ పెట్టాల్సిందే, కానీ పెడితే గాలి తగ్గి స్టాక్ వేడెక్కుతుంది. బయట 40 డిగ్రీలున్న మే నెలలో, 60 దగ్గర నడిచే స్టాక్‌కి మిగిలే తేడా 20 డిగ్రీలే. ఫిల్టర్ విస్తీర్ణం పెంచండి, ఫ్లైట్ తెల్లవారుజామున పెట్టుకోండి.

వంశధార_డ్రోన్:
రెక్కల డిజైన్‌కే వెళ్తున్నాం. లీక్ టెస్ట్ ఎలా చేయాలి?

నాగావళి_ఏరో:
ముందు నైట్రోజన్‌తో, ఆపైన హీలియంతో. 6 ఎంఎం ఫెర్రూల్ ఫిట్టింగ్‌ని చేత్తో బిగించాక స్పానర్‌తో ఒకటింపావు చుట్టు, అంతకు మించొద్దు. సబ్బు నీళ్లు రాసి చూడండి, గేజ్‌ని రాత్రంతా వదిలేయండి. ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, చల్లబడితే ప్రెషర్ దానంతటదే దిగుతుంది. లోప్రెషర్ వైపు సిలికాన్ ట్యూబ్ వద్దు, హైడ్రోజన్ దాని గోడల్లోంచే పోతుంది. హైడ్రోజన్ మంట ఎండలో కంటికి కనబడదు, జాగ్రత్త. లీకైన గ్యాస్ పోగవకుండా ఫిల్లింగ్ ఆరుబయటే చేయాలి, విమానాన్ని ఎర్త్ చేశాకే హోస్ కలపాలి.