సంఘానికి సలహాదారు అంటే సంతకం పెట్టేవారా, నడిపేవారా?

బరంపురం అమ్మాయి:
మా కాలేజీలో తెలుగు మాట్లాడే పిల్లలం నలభై మంది దాకా ఉంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. రెండేళ్ల కిందట ఒక సాంస్కృతిక సంఘం పెట్టుకున్నాం. అధ్యాపకుల్లో ఒకరు సలహాదారుగా ఉండాలన్నారు. తెలుగు వచ్చిన లెక్చరర్ ఒక్కరే ఉన్నారు, ఆయన్నే అడిగాం.

మొన్న ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి నాటిక వేయాలని నెల్లాళ్లు రిహార్సల్ చేశాం. తీరా ముందురోజు రాత్రి సారు ఫోన్ చేసి, "నాటిక వద్దు, నలుగురు పెద్దల్ని పిలిచాను, ఉపన్యాసాలు పెడదాం" అన్నారు. మేం కుర్చీలు వేశాం, సమోసాలు పంచాం. శాలువాలు మాత్రం మా చందాలతోనే కొన్నాం. పంతులుగారి వేషం వేయాల్సిన జూనియర్ తలపాగా ఒళ్లో పెట్టుకుని చివరి వరసలో కూర్చున్నాడు. సలహాదారు చేయాల్సింది సలహా చెప్పడమా, నిర్ణయించడమా?

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, నేను ఇరవై ఏళ్లు ఈ పని చేసి రిటైరయ్యాను. నాటిక ఆపడం తప్పే. ముందురోజు ఆపడం ఇంకా పెద్ద తప్పు. కానీ మా వైపు కూడా ఒకసారి చూడండి. మీరు మూడేళ్లు చదివి వెళ్లిపోతారు. షామియానా వాడు మాత్రం స్టాఫ్ రూముకే వస్తాడు. ఒక ఏడాది ఉగాదికి పిల్లలు షామియానా, మైకు సెట్టు తెచ్చారు. పరీక్షలయ్యాక సెక్రటరీ కుర్రాడు విశాఖపట్నం వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. రూ.4,200 నా జీతంలోంచి కట్టాను. గొడవ జరిగితే ప్రిన్సిపాల్ పిలిచేదీ మమ్మల్నే. బాధ్యత మాది, మాట మాత్రం చెల్లకూడదంటే ఎలాగమ్మా?

రాయగడ పాత వాలంటీరు:
ఇక్కడ రెండు వేర్వేరు పదవులు కలిసిపోతున్నాయి. నేను ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) చేశాను. 1969లో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల క్యాంపుకు వెళ్లాలి. దానికి ప్రోగ్రాం ఆఫీసరు ఉంటారు, అది లెక్చరరే చేస్తారు. డబ్బు సర్కారుది కాబట్టి పని చెప్పేదీ, లెక్క రాసేదీ ఆయనే. ఆయన్ని సలహాదారు అనరు. మీ సంఘం చందాలతో నడిచేది. అక్కడ కూడా సారు ప్రోగ్రాం ఆఫీసరులా ఉంటానంటే కుదరదు.

చిత్రకొండ కుర్రాడు:
మాస్టారి షామియానా కథ నిజమే. అయినా దానికి మందు లెక్క గానీ మైకు లాక్కోవడం కాదు. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద లింగ్డో కమిటీ చెప్పింది చూడండి. 2006లో సుప్రీంకోర్టు ఆ సిఫార్సుల్ని అమలు చేయమంది. ఒక్కో అభ్యర్థి 5,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు, ఫలితం వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పగించాలి. అప్పగించాల్సింది ఎవరు? పోటీ చేసిన విద్యార్థే. పద్దు పిల్లలు రాయాలి, సారు చూడాలి. వంద దాటిన ప్రతి ఖర్చుకీ ఆయన సంతకం పెట్టించుకోండి, మేం కాదనం. ఏ నాటిక వేయాలో మాత్రం ఆయన్ని అడగక్కర్లేదు.

పర్లాకిమిడి మాస్టారు:
అడగక్కర్లేదా? నాటికలో ఎవరి కులాన్నో, భాషనో వెక్కిరించే డైలాగు ఉంటే? సరిహద్దు ఊళ్లు బాబూ ఇవి. ఇక్కడ ఒక్క మాట తేడా వస్తే ఎంత దూరం పోతుందో నీకు తెలియంది కాదు.

చిత్రకొండ కుర్రాడు:
స్క్రిప్టు ముందే చదవమనండి, ఆ డైలాగు దగ్గర గీత పెట్టమనండి. అదే కదా సలహా! నాటిక మొత్తం ఎత్తేస్తే దాన్ని సలహా అంటామా?

ఇంకో మాట. పంతులుగారు ఉద్యోగం చేసింది మీ పర్లాకిమిడిలోనే కదా. సవర గిరిజనుల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాళ్ల పిల్లలకు చదువు చెప్పించారు. ఎదుటివాళ్ల మాటకు అంత విలువిచ్చిన మనిషి జయంతి రోజున సారు పిల్లల నోరు నొక్కేశారు. (నవ్వొచ్చింది, ఏమనుకోకండి.)

బరంపురం అమ్మాయి:
మాస్టారూ, స్క్రిప్టు సారుకు మూడు వారాల ముందే ఇచ్చాం. చదివారో లేదో తెలియదు. ఆయన లేకపోతే హాలు అడిగే కాగితం మీద సంతకం ఉండదు. ఆయన్ని వదులుకోలేం. అందుకే వచ్చే ఉగాదికి ముందే ఒక కాగితం రాసుకుంటున్నాం. డబ్బు, హాలు, ఊరేగింపు లాంటివి ఆయన ఒప్పుకోందే జరగవు. కార్యక్రమం ఏమిటన్నది సభ్యుల ఓటుతో తేలుతుంది. స్క్రిప్టు మీద అభ్యంతరం ఉంటే వారం ముందు రాసివ్వాలి. సారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

పర్లాకిమిడి మాస్టారు:
వారం ముందు అన్నది బాగుంది. మా రోజుల్లో ఆ కాగితమే ఉంటే నాకూ టెన్షన్ తగ్గేది. అది సరే గానీ అమ్మా, ఆ రోజు షామియానా వాడికి డబ్బులు ఇచ్చేశారా?

బరంపురం అమ్మాయి:
ఇంకా ఎనిమిది వందలు బాకీ ఉన్నాం మాస్టారూ.