జీటీకే 4లో టెక్స్చర్లు: జీపీయూ ఖాళీగా ఉన్నా స్క్రోల్ ఎందుకు ఇరుక్కుంటోంది?

కొత్తబిల్డ్:
నమస్తే అందరికీ. జీటీకే 4లో (కిటికీలు, బటన్లు చేసే లైబ్రరీ) చిన్న ఫోటో వ్యూయర్ ఒకటి రాసుకుంటున్నా, గ్రిడ్‌లో థంబ్‌నెయిల్స్, ఏదైనా నొక్కితే పెద్దగా ఓపెన్ అవుతుంది, దాని మీద బ్రష్‌తో గీతలు గీసుకోవచ్చు, అంతే. పది ఇరవై ఫోటోలున్నంతవరకు బానే ఉంది, రెండొందలు దాటాక స్క్రోల్ నత్తి నత్తిగా కదులుతోంది. బ్రష్ సంగతైతే ఇంకా ఘోరం, మౌస్ ముందు వెళ్ళిపోతుంది, గీత దాని వెనక పడి ఎప్పటికో వస్తుంది. విడ్జెట్ సొంతంగా రాశా, స్నాప్‌షాట్ ఫంక్షన్లో (విడ్జెట్‌ని గీయాల్సినప్పుడు జీటీకే పిలిచేది) నా పిక్సెల్ బఫర్ నుంచి మెమరీ టెక్స్చర్ (జీపీయూకి ఇచ్చే బొమ్మ) చేసి గీయాల్సినవాటి లిస్ట్‌కి అపెండ్ చేస్తున్నా. చూస్తే జీపీయూ ఖాళీగా కూర్చుంది, సీపీయూలో ఒక కోర్ మాత్రం మొత్తం పోతోంది. గీసేది జీపీయూ అయినప్పుడు సీపీయూకి ఇంత పని ఏంటో అర్థం కావట్లేదు. వల్కన్‌కి (జీపీయూతో మాట్లాడే ఇంకో పద్ధతి) మారిస్తే తగ్గుతుందా?

రాత్రిపూట:
ముందు అసలు ఏ రెండరర్ (గీసే పని చూసే భాగం) మీద నడుస్తోందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, డీ కలిపి నొక్కితే ఇన్‌స్పెక్టర్ వస్తుంది, అందులో రాసి ఉంటుంది. డ్రైవర్ సరిగ్గా లేక ఎల్‌ఎల్‌వీఎం‌పైప్ (జీపీయూ లేకుండా గీసే సాఫ్ట్‌వేర్) మీద పడిపోయి ఉంటే మొత్తం గీసేది సీపీయూనే, అప్పుడు మీ కోడ్ తప్పేం లేదు. వల్కన్ అంటారా, 4.16 నుంచి వేలాండ్‌లో (లినక్స్ డిస్‌ప్లే సిస్టం) డీఫాల్టే అది, మీది కొత్త వెర్షన్ అయితే ఇప్పటికే దాని మీదే ఉండొచ్చు.

పాతపిక్సెల్:
రెండరర్ చూసుకోవడం మంచిదే గానీ నాకు అనుమానం అక్కడ లేదు, "స్నాప్‌షాట్ ఫంక్షన్లో టెక్స్చర్ చేసి" అన్నారు చూడండి, అసలు రోగం ఆ ముక్కలోనే ఉంది. జీటీకేలో టెక్స్చర్ అంటే ఒకసారి చేశాక మారని వస్తువు. ఆ ఆబ్జెక్ట్‌ని మొదటిసారి గీసినప్పుడు రెండరర్ పిక్సెల్స్‌ని జీపీయూకి పంపి ఆ కాపీని దగ్గర పెట్టుకుంటుంది, మళ్ళీ అదే ఆబ్జెక్ట్ వస్తే ఆ కాపీతోనే గీస్తుంది, మళ్ళీ పంపదు. అది గుర్తుపట్టేది ఆబ్జెక్ట్‌ని, లోపలున్న పిక్సెల్స్‌ని కాదు. మీరేమో ప్రతి ఫ్రేమ్‌కీ కొత్తది పుట్టిస్తున్నారు, లోపల అదే బొమ్మ ఉన్నా రెండరర్‌కి కొత్త మొహమే కదా, మొత్తం మళ్ళీ అప్‌లోడ్. అందుకే జీపీయూ ఖాళీ, దానికి గీసే పని ఎంతోసేపు లేదు, సామాను ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది.

లెక్క వేసి చూడండి. 4కే బొమ్మ అంటే 3840 × 2160, పిక్సెల్‌కి 4 బైట్లు, దాదాపు 33 ఎంబీ. సెకనుకి 60 ఫ్రేములంటే 2 జీబీ దాకా మోయాలి, ఒక్క బొమ్మకే! ఒక్కో ఫ్రేమ్‌కి చేతిలో ఉన్న టైమేమో 16.6 మిల్లీసెకన్లు. పైగా టెక్స్చర్‌కి ఇవ్వడానికి బఫర్ నుంచి బైట్స్ ఆబ్జెక్ట్ చేసేటప్పుడు మామూలు ఫంక్షన్ వాడితే అది బఫర్‌ని కాపీ కూడా కొడుతుంది, ఓనర్‌షిప్ ఇచ్చేసే టేక్ వెర్షన్ వాడితే ఆ కాపీ ఉండదు. అలాగని టెక్స్చర్ చేశాక కింద బఫర్‌ని మీరు మార్చేయకండి, స్క్రీన్ మీద పాత బొమ్మే ఉండిపోతుంది, నేను ఒకప్పుడు దాన్ని జీటీకే బగ్ అనుకుని రెండ్రోజులు వెతికా.

కాబట్టి గ్రిడ్‌కి: ఫోటో లోడ్ అయినప్పుడే టెక్స్చర్ చేసి దాచుకోండి, స్నాప్‌షాట్‌లో దాన్ని అపెండ్ చేయడం తప్ప ఇంకేం చేయొద్దు.

బ్రష్‌కి అది కుదరదు, పిక్సెల్స్ నిజంగానే మారుతున్నాయి కాబట్టి. కాన్వాస్‌ని 256 × 256 పలకలుగా కోసి ఒక్కో పలకకి ఒక టెక్స్చర్ పెట్టండి. 4000 × 3000 కాన్వాస్ అయితే 192 పలకలు, మొత్తం 48 ఎంబీ, కానీ చిన్న బ్రష్ ఒక చుక్క పెడితే ఎక్కువలో ఎక్కువ నాలుగు పలకలు మారతాయి, అంటే 1 ఎంబీ పంపితే చాలు. మిగతావి పాత ఆబ్జెక్టులే కాబట్టి రెండరర్ వాటి జోలికి పోదు.

రాత్రిపూట:
4.16లో మెమరీ టెక్స్చర్ బిల్డర్ వచ్చింది కదా, పాత టెక్స్చర్ ఇది, మారిన భాగం ఇది అని చెప్పొచ్చు. పలకల గొడవ దేనికి మరి?

పాతపిక్సెల్:
అది చెప్పేది స్క్రీన్ మీద ఏ భాగం మళ్ళీ గీయాలో, గీసే పని తగ్గుతుంది, మంచిదే. దానివల్ల అప్‌లోడ్ కూడా ఆ ముక్కకే పరిమితం అవుతుందని మాత్రం డాక్యుమెంటేషన్ ఎక్కడా మాట ఇవ్వలేదు. ఇక్కడ నొప్పి అప్‌లోడ్ దగ్గర.

థ్రెడ్‌పోగు:
ఇంకో మాట, థంబ్‌నెయిల్ కోసం ఫుల్ సైజ్ ఫోటోనే టెక్స్చర్ చేస్తున్నారా? 6000 × 4000 ఫోటో డీకోడ్ అయితే 96 ఎంబీ, రెండొందలంటే 19 జీబీ పైమాటే, ఇక దాచుకున్న కాపీలు (క్యాష్) ఉన్నా లేనట్టే. డీకోడ్ చేసేటప్పుడే 512 × 341కి కుదించేయండి, ఒక్కోటి 700 కేబీ అవుతుంది. ఈ డీకోడింగ్ మెయిన్ థ్రెడ్‌లో (స్క్రీన్‌ని నడిపేది) చేయకండి బాబూ, ఫైల్ నుంచి టెక్స్చర్ లోడ్ చేసే ఫంక్షన్ థ్రెడ్‌సేఫ్ (వేరే థ్రెడ్ నుంచి పిలిచినా ఇబ్బంది లేదు), జీటాస్క్‌లో (పనిని వెనకాల నడిపే సాధనం) పెట్టి థ్రెడ్‌లో నడిపించి వచ్చిన టెక్స్చర్‌ని మెయిన్ థ్రెడ్‌కి ఇచ్చేయొచ్చు.

పెద్ద బొమ్మని జూమ్ అవుట్ చేసినప్పుడు సన్న గీతలు మినుకు మినుకుమంటే స్కేల్డ్ టెక్స్చర్ అపెండ్ చేసి ఫిల్టర్ ట్రైలీనియర్ ఇవ్వండి. లీనియర్ పక్కపక్కన ఉన్న 4 టెక్సెల్స్ (టెక్స్చర్‌లోని పిక్సెల్స్) మాత్రమే చూస్తుంది, సగం కన్నా చిన్నది చేస్తే మధ్యలోవి ఎగిరిపోతాయి. ట్రైలీనియర్‌కి మిప్‌మ్యాప్‌లు (అదే బొమ్మకి చిన్న సైజు కాపీలు) కావాలి, వాటికి మెమరీలో ఇంకో మూడో వంతు పోతుంది, కాబట్టి థంబ్‌నెయిల్స్‌కి పెట్టకండి, అవి ఎలాగూ సరైన సైజులోనే ఉంటాయి.

కొత్తబిల్డ్:
వామ్మో, నిజంగానే ఫుల్ సైజ్‌వే పెడుతున్నా 😅 స్నాప్‌షాట్ బయటికి తీసేసి చిన్నవి దాచుకున్నా, స్క్రోల్ వెన్నలా జారుతోంది, రెండరర్ ముట్టుకోనే లేదు. బ్రష్ కూడా పలకలు చేశాక మౌస్‌తో పాటే వస్తోంది. కానీ 130 శాతం జూమ్‌లో పలకల మధ్య సన్నటి గీతలు కనపడుతున్నాయి, 100లో లేవు, 200లోనూ లేవు.

పాతపిక్సెల్:
అది వస్తుందనుకున్నా, ముందే చెప్పాల్సింది. 256ని 1.3తో గుణిస్తే 332.8, పలక అంచు పిక్సెల్ మధ్యలో పడుతోంది, రెండు పలకలూ ఆ పిక్సెల్‌ని సగం సగం కప్పుతాయి, రెండు సగాలూ కలిసినా నిండదు, వెనకున్న రంగు తొంగిచూస్తుంది. పలక అంచుల్ని డివైస్ పిక్సెల్స్‌కి (స్క్రీన్ అసలు పిక్సెల్స్) రౌండ్ చేసి గీయండి, ఫ్రాక్షనల్ స్కేలింగ్ (డిస్‌ప్లే 125 శాతం లాంటి స్కేల్‌లో) ఉంటే ఆ స్కేల్ కూడా లెక్కలో కలిపాకే రౌండ్ చేయాలి.

కొత్తబిల్డ్:
రౌండ్ చేశా, 130లో గీతలు పోయాయి. 67 శాతంలో ఒకచోట మాత్రం ఇంకా ఉంది, చూస్తే నేను వెడల్పుని విడిగా రౌండ్ చేస్తున్నా, పక్క పలక మొదలయ్యే చోటుతో అది కలవట్లేదు. ఎడమ అంచు, కుడి అంచు విడివిడిగా రౌండ్ చేసి, కుడి దాంట్లోంచి ఎడమది తీసేసి వెడల్పు లెక్కేస్తే సరిపోయింది.