హెడ్ పోర్టింగ్: షార్ట్ సైడ్ వంపును ఎంతవరకు ముట్టుకోవచ్చు?

ఇంజిన్ పని స్వయంగా చేసినవాళ్లు కాస్త దారి చూపండి. పోర్టింగ్ కోసం, అంటే హెడ్ లోపలి గాలి దారులు (పోర్టులు) సరిచేయడానికి, సింగిల్ సిలిండర్, రెండు వాల్వుల ఎయిర్ కూల్డ్ ఇంజిన్ హెడ్ ఊడదీసి పెట్టుకున్నాను. ఇన్‌టేక్ పోర్టులోకి టార్చి వేసి చూస్తే వాల్వు సీటు రింగు, అల్యూమినియం కలిసేచోట గోరుకి తగిలేంత మెట్టు ఉంది. వాల్వు కాడ జారే గైడు చుట్టూ దిమ్మ కూడా గాలికి అడ్డంగా లావుగా ఉంది. ఈ రెండూ సాపు చేయడం ఖాయం. మానిఫోల్డు రబ్బరు, పోర్టు నోరు కూడా సరిగ్గా కలిసేలా చూస్తాను.

నా భయమంతా షార్ట్ సైడ్ వంపు (పోర్టు సీటు వైపు తిరిగేచోట లోపలి పొట్టి మలుపు) గురించే. గాలి అక్కడ మలుపు తిరగలేక గోడను వదిలేస్తుంది కదా, ఆ వంపును ఇంకా కోస్తే మలుపు మరీ పదునై ఫ్లో పడిపోతుందేమో. అంచు గుండ్రంగా చేసి ఆపాలా, అసలు ముట్టుకోకూడదా? పోర్టు మొత్తం వెడల్పు చేసే ఆలోచన లేదు. గాలి వేగం తగ్గితే తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది, రోజూ తిరిగే బండికి అదే ప్రాణం.

ఫ్లో బెంచి (పోర్టులో గాలి ప్రవాహం కొలిచే యంత్రం) అందుబాటులో లేదు. వాక్యూమ్ క్లీనరు, నీళ్ల మానోమీటరు పెట్టి, బెంచి మీద మామూలుగా వాడే 28 అంగుళాల నీటి ప్రెషర్ రాకపోయినా, ఒకే ప్రెషర్ తేడా దగ్గర వాల్వును మిల్లీమీటరు చొప్పున ఎత్తుతూ ముందూ తర్వాతా పోల్చుకుంటే నమ్మొచ్చా?

ఇంకొకటి: సీటుకు 30-45-60 డిగ్రీల మూడు కోణాల కటింగ్ పోర్టు పనికి ముందు చేయించాలా, తర్వాతా? ఇన్‌టేక్ గోడను అద్దంలా పాలిష్ చేయకుండా 80 గ్రిట్ గరుకు దగ్గరే ఆపేస్తాను. ఎగ్జాస్ట్ వైపు మాత్రం మసి అంటకుండా నున్నగా చేద్దామనుకుంటున్నాను, అభ్యంతరం ఉంటే చెప్పండి.