లాలన్ ఫకీర్ పుట్టిన ఊరు ఏది? బెంగాలీ చదవగలిగినవారు సాయం చేయండి

మా కాలనీ లైబ్రరీలో బావుల్ పాటల (బెంగాల్ సంచార సాధువుల పాటల) కార్యక్రమానికి పరిచయం రాస్తున్నాను. ఆ పాటలు కట్టినవారిలో ప్రముఖుడైన లాలన్ 1890 అక్టోబర్ 17న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా దగ్గర ఛేవురియాలో చనిపోయారు. అంతవరకు తగాదా లేదు. పుట్టుక దగ్గరే రెండు వారాలుగా ఆగిపోయాను.

ఒక వర్గం ఆయన కుష్టియా వైపు హిందూ కాయస్థుల ఇంట పుట్టారని, తీర్థయాత్రలో మశూచి సోకితే తోటివాళ్లు వదిలేశారని, ఒక ముస్లిం కుటుంబం బతికించిందని చెబుతుంది. ఇంకో వర్గం ఝెనైదా జిల్లా హరీష్‌పూర్‌లో ముస్లింగానే పుట్టారంటుంది. మన వేమన ఊరి గొడవ లాంటిదే, కానీ ఇక్కడ మతం కూడా కలిసింది.

ఆయన పోయిన కొద్ది రోజులకే ‘హితకరి’ పత్రికలో వచ్చిన సంతాప వ్యాసం అనువాదం చదివాను. కాయస్థుడని జనం అనుకునేవారని అందులోనే ఉంది. ఆయన తన గురించి ఏమీ చెప్పేవారు కాదని, శిష్యులు కూడా ఆయన వద్దనడం వల్లో, తెలియకో ఏమీ చెప్పలేకపోయారని కూడా ఉంది. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అంత గట్టిగా దాచుకున్న మనిషికి నేను ఒక్క వాక్యంలో కులం, ఊరు అంటగట్టలేను.

ఇంగ్లీషు పుస్తకాలు మూడు చూశాను, ఒక్కోటి ఒక్కో మాట. హరీష్‌పూర్ వాదనకు ఆధారమంటున్న, లాలన్ శిష్యుడు దుద్దూ షా పేరిట ఉన్న రాతప్రతి నకిలీ అని కొందరు పరిశోధకుల అభిప్రాయం. పాత బెంగాలీ అచ్చు పేజీలను ఫోన్‌తో అనువదిస్తే అర్థం లేని మాటలొచ్చాయి.

లాలన్ బతికుండగా, అంటే 1890కి ముందు రాసిన ఏ కాగితంలోనైనా ఆయన పుట్టిన ఊరి పేరు ఉందా?