బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో కుడి సీటు (కో-పైలట్), గాల్లో ఎమర్జెన్సీలు: పనిచేసినవాళ్లు చెప్పండి

కొత్తరెక్క:
అందరికీ నమస్కారం. 200 గంటలు పూర్తిచేసి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తీసుకుని 14 నెలలైంది. ఇప్పుడు ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్ నుంచి పిలుపు వచ్చింది. టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి శిక్షణ) ఖర్చు మనదే, ఆ తర్వాత ఇన్నాళ్లు మానకూడదని బాండ్. నాన్నగారు ఇప్పటికే తెనాలి దగ్గర ఎకరం అమ్మారు, మళ్లీ అప్పు అంటే ఇంట్లో టెన్షన్‌గా ఉంది. మూడు విషయాలు అడగాలి. గాల్లో నిజంగా ఏదైనా అయితే మొదటి ఏడాది కో-పైలట్ చేయగలిగింది ఎంత? చవక టికెట్ల కంపెనీ ఆ సమయంలో మన వెనక నిలబడుతుందా? హైదరాబాద్ బేస్ దొరుకుతుందా?

కుడిసీటు_3ఏళ్లు:
తమ్ముడూ, ముందు బాండ్ కాగితం పూర్తిగా చదువు. నేను చదవకుండా సంతకం పెట్టాను. నా టైప్ రేటింగ్‌కి పాతిక లక్షల దాకా అయింది, జీతం గంటల లెక్కన వస్తుంది, వానాకాలంలో ఫ్లైట్లు తగ్గిన నెల బ్యాంకువాడు మాత్రం తగ్గించడు. మానేద్దామన్నా కో-పైలట్‌కి 6 నెలల నోటీసు, కమాండర్ (కెప్టెన్) అయ్యాక ఏడాది, 2017 నుంచి రూల్ అదే. ఎమర్జెన్సీ సంగతి అడిగావు, ఈ మూడేళ్లలో నేను మేడే (ప్రమాదంలో ఉన్నామని రేడియోలో చెప్పే పిలుపు) అనే మాట సిమ్యులేటర్ బయట ఒక్కసారి కూడా అనలేదు. కానీ తెల్లవారుజామున మూడున్నరకి లేచి నాలుగు సెక్టార్లు (ఫ్లైట్లు) చేసి, నాలుగో ల్యాండింగ్‌లో కళ్లు మండుతుంటే రన్‌వే లైట్లు చూస్తూ ఉండటం మాత్రం నాకు అన్నిటికన్నా భయం వేసిన అనుభవం.

ఎడమసీటు:
అలసట గురించి తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 2024 జనవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త డ్యూటీ నియమాలు తెచ్చింది, వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకి తగ్గించింది. వాటికి తగ్గట్టు మనుషుల్ని పెట్టుకోకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరులో ఫ్లైట్లు రద్దై దేశమంతా ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకుని చూసింది.

నా అనుభవం ఒకటి చెప్తాను. మే నెల, సాయంత్రం హైదరాబాద్ నుంచి విశాఖ. ప్లాన్‌లో వేసిన ఇంధనం లెక్క ప్రకారం సరిపోతుంది, కానీ మే నెల సాయంత్రం మేఘం ఎలా లేస్తుందో నాకు తెలుసు కాబట్టి ఒక టన్ను అదనంగా పోయించాను. అక్కడికి వెళ్లేసరికి ఎయిర్‌పోర్టు మీద పెద్ద ఉరుముల మేఘం. ఇరవై నిమిషాలు చుట్టూ తిరిగి, అది సముద్రం మీదికి జరిగాక దిగాం. మా ముందు వచ్చిన ఇద్దరు భువనేశ్వర్ వెళ్లిపోయారు. మర్నాడు నాకు మెయిల్, అదనపు ఇంధనానికి కారణం రాయమని. ఎమర్జెన్సీ రాకుండా చూసినవాడిని కారణం అడిగే కంపెనీ, వచ్చాక ఎలా నిలబడుతుందో నువ్వే ఆలోచించుకో.

డిస్పాచ్_లెక్కలు:
కెప్టెన్ గారూ, ఒక్క నిమిషం. అదనంగా మోసే ప్రతి టన్నుకీ గంటకి ముప్పై, నలభై కిలోలు ఆ బరువు మోయడానికే కాలిపోతుంది. ఒక్క ఫ్లైట్‌కి ఇది చిన్న లెక్కే, రోజుకి వందల ఫ్లైట్లు, అందరూ 'నా తృప్తి కోసం' అని టన్ను పోయిస్తే? ఆ రోజు వాతావరణ సూచనలో ఉరుములు ఉంటే ప్లాన్ వేసినవాడు ముందే పోసి ఉండాలి, లేకపోతే మీరు ఫోన్ చేసి అడగాలి. కారణం రాయమంటే రెండు లైన్లు రాయండి, అందులో అవమానం ఏముంది?

ఎడమసీటు:
రెండు లైన్లు రాశాను. మూడోసారి, నాలుగోసారి కూడా రాశాను. తర్వాత నెల నెలా ఒక జాబితా వస్తుంది, ఎవరు ఎంత ఎక్కువ పోయించారో వరుసగా పేర్లతో. కొత్తగా కమాండ్ వచ్చిన కుర్రాడు ఆ జాబితా చూసి మరుసటి ట్రిప్పులో ఏం చేస్తాడు? మీరు ఏసీ గదిలో కూర్చుని గంటకి నలభై కిలోలు అంటారు, హోల్డింగ్‌లో (దిగడానికి ఆగుతూ గాల్లో తిరిగేటప్పుడు) గంటకి రెండు టన్నుల పైన తాగుతుంటే గేజ్ చూసేది మేము.

డిస్పాచ్_లెక్కలు:
ఏసీ గది అనే మాట వెనక్కి తీసుకోండి. ఆ ప్లాన్ మీద నా సంతకం ఉంటుంది, విచారణకి నన్నూ పిలుస్తారు. రాత్రి రెండింటికి పొగమంచులో పన్నెండు విమానాలకి ఆల్టర్నేట్లు (దిగడానికి వేరే ఎయిర్‌పోర్టులు) వెతికే ఉద్యోగం నాది. దిగేసరికి ట్యాంకుల్లో ఆఖరి 30 నిమిషాల ఇంధనం మిగలాలన్న నియమం మాకూ తెలుసు, అది తెగేలా ఏ ప్లానూ నేను వేయలేదు.

వైజాగ్_వారంవారం:
మీ గొడవ నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ, నేను ఆ రూట్లో ప్రతి వారం తిరుగుతాను. ఒకసారి దిగబోతూ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మళ్లీ పైకి లేపారు. పక్కనున్న పెద్దావిడ ఏడ్చేసింది. పావుగంట దాకా ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఇలాంటి ఎమర్జెన్సీలో ప్రయాణికులకి చెప్పాలి కదా?

కుడిసీటు_3ఏళ్లు:
సార్, అది గో-అరౌండ్. ఎమర్జెన్సీ కాదు, దిగడం కుదరదనుకుంటే మేము చేయాల్సిన సరైన పని. అప్పుడు గేర్, ఫ్లాప్స్, ఎత్తు, టవర్‌తో మాటలు అన్నీ ఒకేసారి పడతాయి. ముందు విమానం నడపాలి, తర్వాత దారి, ఆ తర్వాతే మాట. అయినా పావుగంట ఎక్కువే, ఒప్పుకుంటాను.

సిమ్_గురువు:
పదకొండేళ్లుగా ఇన్‌స్ట్రక్టర్‌ని, ఎయిర్‌బస్ మీద మూడు వందల మందికి పైగా చెక్ చేశాను, కాబట్టి కుర్రాడు అడిగినదానికి నేను చెప్తాను. కో-పైలట్ చేయగలిగేది చాలా ఉంది. వీ-వన్ (టేకాఫ్ ఇక ఆపకూడని వేగం) తర్వాత ఇంజిన్ పోతే 400 అడుగుల దాకా నడపడం తప్ప ఏమీ ముట్టుకోకూడదు. అక్కడ కంగారుపడి తప్పు లివర్ మీద చెయ్యి వేసే కెప్టెన్‌ని ఆపాల్సింది కుడి సీటే. 35 వేల అడుగుల్లో క్యాబిన్ ప్రెషర్ పోతే తెలివి ఉండేది 30 నుంచి 60 సెకన్లు. ముందు నీ మాస్క్, తర్వాతే మిగతాదంతా, 10 వేలకి దిగాలి.

హీలియోస్ 522 విమాన ప్రమాదం గురించి చదువు. 2005 ఆగస్టు 14, సైప్రస్ బడ్జెట్ కంపెనీ. మెయింటెనెన్స్‌లో క్యాబిన్ ప్రెషర్ స్విచ్ ఆటోలో కాకుండా మాన్యువల్‌లో వదిలేశారు, ఇద్దరు పైలట్లూ చెక్‌లిస్టుల్లో దాన్ని పట్టుకోలేదు. క్యాబిన్ ప్రెషర్ హారన్ మోగితే టేకాఫ్ వార్నింగ్ అనుకున్నారు, రెండింటికీ ఒకే శబ్దం. 121 మంది పోయారు. బడ్జెట్ కంపెనీల్లో జరిగేది ఇదే.

కుడిసీటు_3ఏళ్లు:
సార్, గౌరవంతోనే చెప్తున్నా, ఆఖరి వాక్యం ఒప్పుకోను. 2018 ఏప్రిల్‌లో సౌత్‌వెస్ట్ 1380 కూడా చవక టికెట్ల కంపెనీదే. ఫ్యాన్ బ్లేడ్ విరిగి కిటికీ పగిలింది, ఒక ప్రయాణికురాలు చనిపోయారు, అయినా కెప్టెన్ టామీ జో షుల్ట్స్ ఫిలడెల్ఫియాలో దింపి మిగతా 148 మందినీ కాపాడారు. పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ అని కాదు. మీరు సిమ్‌లో (సిమ్యులేటర్‌లో) ఇచ్చే ఆ నాలుగు గంటల్లో మమ్మల్ని భయపెడతారా, నేర్పిస్తారా అన్నది ముఖ్యం.

సిమ్_గురువు:
భయపెట్టి నేర్పిందే గుర్తుంటుంది.

కుడిసీటు_3ఏళ్లు:
ఉండదు సార్. నేను సాక్ష్యం.

క్యాబిన్_9ఏళ్లు:
ఇంతసేపూ ముందు తలుపు లోపలి మాటలే. నిజంగా తరచుగా వచ్చేది మెడికల్. ఢిల్లీ వెళ్తూ నాగ్‌పూర్ దాటుతుండగా ఒకాయన గుండె పట్టుకుని పడిపోయాడు. 186 సీట్ల విమానంలో మేము నలుగురం. అప్పటిదాకా టీ, నూడుల్స్ అమ్మి కార్డు మెషీన్ పట్టుకున్న చేతులతోనే సీపీఆర్ చేశాను. డాక్టర్ ఉన్నారా అని అడిగితే పద్నాలుగో వరసలోంచి గుంటూరు మెడికల్ స్టూడెంట్ ఒకమ్మాయి లేచింది. వెనక్కి తిప్పి నాగ్‌పూర్‌లో దింపాం, ఆయన బతికారు. ఆ రోజు అమ్మకాల టార్గెట్ అందలేదని నాకు మాట వచ్చింది. ఇంకోటి, 90 సెకన్లలో, సగం తలుపులతోనే అందరూ దిగిపోవాలన్న లెక్కతో విమానానికి సర్టిఫికెట్ ఇస్తారు. మీరు పైనుంచి బ్యాగు తీస్తే మీ వెనకున్నవాళ్ల సెకన్లు పోతాయి. దయచేసి వదిలేసి రండి.

వైజాగ్_వారంవారం:
మేడమ్, ల్యాప్‌టాప్ బ్యాగు కూడానా?

క్యాబిన్_9ఏళ్లు:
అదీ వదిలేయాలండీ.

కొత్తరెక్క:
అందరికీ థాంక్స్. హైదరాబాద్ బేస్ గురించి ఎవరూ చెప్పలేదు.

ఎడమసీటు:
కొత్తవాళ్లకి అడిగిన చోట రావడం కష్టం. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పంపుతారు. నేను నాలుగేళ్లు ఢిల్లీలో ఇద్దరితో గది పంచుకుని ఉన్నాను, పెద్దబ్బాయి పుట్టినప్పుడు కూడా అక్కడే. చేరు, కానీ అప్పు కాగితం మీద నాన్నగారి ఇల్లు పెట్టకు. డిస్పాచ్ గారూ, ఏసీ గది మాట వెనక్కి తీసుకుంటున్నాను. జాబితా గురించి మాత్రం నా మాట అదే.

డిస్పాచ్_లెక్కలు:
సరే సార్. జాబితాలో పేర్లు తీసేయాలని మేమూ రెండుసార్లు రాశాం.

సిమ్_గురువు:
కొత్తరెక్కా, నీ సిమ్ అసెస్‌మెంట్ ఎప్పుడు?

కొత్తరెక్క:
వచ్చే గురువారం సార్.

సిమ్_గురువు:
ఆటోపైలట్ లేకుండా పిచ్ (విమానం ముక్కు కోణం), పవర్ లెక్కలు ఇవాళే బట్టీ పట్టు. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్ పెట్టు, అడుగుతాను.