ష్లేగెల్ వ్యంగ్యానికీ భక్తికీ పొత్తు ఎలా కుదిరింది?

జర్మన్ రొమాంటిక్ ఆలోచనాపరుడు ఫ్రీడ్రిక్ ష్లేగెల్ తన అన్నతో కలిసి 1798లో మొదలుపెట్టిన ‘అథెనేయం’ పత్రికలోని శకలాలు (చిన్న చిన్న గద్య ఖండికలు) చదువుతున్నాను. శకలం చిన్న కళాఖండంలా చుట్టూ ఉన్న లోకం నుంచి విడివడి, ముళ్లపందిలా తనలో తాను సంపూర్ణంగా ఉండాలంటాడు. ఎంత అందమైన మాట!

నా చిక్కు వేరే. కళాకారుడు తన సృష్టికి కూడా ఎడంగా నిలబడగలగాలన్నది ఆయన వ్యంగ్య (ఐరనీ) సిద్ధాంతం. అదే మనిషి 1800 నాటికి మతాన్ని సంస్కృతికే ప్రాణమన్నాడు, 1808లో కాథలిక్ అయ్యాడు. దేనికీ పూర్తిగా కట్టుబడని మనసు శరణాగతికి ఎలా ఒప్పుకుంది? జర్మన్ తత్త్వవేత్త హెగెల్ ఆ వ్యంగ్యాన్ని ఘాటుగా ఖండించాడు. నాకది అన్యాయంగానే తోస్తుంది. పరిమితుడైన మనిషి అనంతాన్ని అందుకోలేనని గుర్తించడమే వ్యంగ్యమైతే, అది భక్తికి దగ్గరే కదా?

జర్మన్ రొమాంటిసిజం చదివినవారు దయచేసి చెప్పండి: ఈ మతాంతరం ఆయన ఆలోచనకు కొనసాగింపా, తెగతెంపులా? ముందుగా ఏ శకలాలు చదవమంటారు?